రాళ్ల బంగ్ల వదినె

ఫోను పక్కకు వెట్టి కలం వట్టు బిడ్డా. ఆ ఫోను నా మొకంల మొకం వెట్టి సూస్తుంటే నాకు మాట రాదు. ఆఁ, గట్ల గూసో. నేను జెప్పినట్టే రాయి. నీ బడి మాటలు నడుమల కలపకు.

నిన్న నువ్వు బడికి వోయినంక మున్సిపాలిటీ పిలగాండ్లు ఇద్దరు వచ్చిండ్రు. రాళ్ల బంగ్లకు సున్నం గొట్టిచ్చిండ్రు గద, ఇగ దాని ముంగట బోర్డు పెడ్తరట. "అవ్వా, గీ గల్లిల నీ అంత పెద్దోళ్లు లేరు. గిది ముందుగాల ఏముండె? కొందరు ఠాణ అంటున్నరు, కొందరు సరాయి అంటున్నరు, మీ కుర్మోళ్లేమో ఉన్ని గోదాం అంటున్నరు. ఏదో ఒకటి తేల్చి చెప్పు. లోపల మగ్గాలు తీయించి, దానికి తగ్గ బొమ్మలు, ఫోటోలు పెడ్తం" అన్నరు.

నాకు నవ్వాగలే. పాపం, ఎక్కిరిస్తున్ననేమో అనుకున్నరు. అది గాదు. ఆ మూడు కతలు ఒక్క నోట్లెకెల్లే వచ్చినయి. ఆ నోరు మా వదినెది. కని "మగ్గాలు తీయించి" అన్న మాటకు మాత్రం నవ్వు ఆపిన. "రేపు రాండ్రి నాయినా, మా మనుమరాలితోని రాయించి పెడ్త" అని తోలిచ్చిన. గందుకే నిన్ను కూసోవెట్టుకున్న.

ఆమె పేరు రాయకు. గల్లి అంత వదినె అనే పిలిచింది, నువ్వు గూడ వదినె అనే రాయి. మీ తాతకు అక్కనా చెల్లెనా అని అడగకు, చుట్టమే గాదు. వాళ్లు మగ్గాలోళ్లు, మనం గొర్లోళ్లం. నేను కొత్తగ కాపురానికి వచ్చినప్పుడు ఆమె నన్ను వదినె అన్నది, నేనూ వదినె అన్న. గంతే, అదే ఖాయమైపోయింది.

మనిషి ఎట్లుంటదంటవా? పొట్టిగ ఉంటది, గొంతు మాత్రం పొడుగు. తలకాయల ఎప్పుడు నూలుపోగులు. దగ్గరికొస్తే గంజి వాసన. మగ్గం గుంటల కాళ్లు వెట్టి కూసున్నదంటే ఇగ ఎవలొచ్చినా లేవది. పెద్ద సార్లొచ్చినా గుంటలకెల్లే, "రాండ్రి, కూసోండ్రి, కాళ్లు జర దూరం వెట్టుండ్రి, పడుగుకు తాకుతది" అనేది. మొకం ఎత్తకపోయేది. అడ్డం పోగు నేసే నాడె ఇటుకెల్లి అటు, అటుకెల్లి ఇటు కొడుకుంటనే మాట్లాడేది. ఆమె ముచ్చట ఇనాలంటే ఆ టకటకల నడుమ ఇనాలె. మాట జర దాచాలనుకున్నప్పుడు బలంగ కొట్టేది. అప్పుడు నేను "వదినె, గట్టిగ జెప్పు" అంటే, "ఇనవడకపోతే మంచిదే" అనేది.

ఇగ రాళ్ల బంగ్ల సంగతి. నువ్వు బయటికెల్లి సూసినవ్ గని అప్పటిది నీకు ఎర్కలేదు. సున్నం లేదు, ఏం లేదు, నల్లగ ఉండేది. గోడ ఎంత మందమంటే కిటికిల మేక పండుకునేది. లోపల ఒక్కటే పొడుగు అర్ర. ఈ కొసకు నిలవడి పిలిస్తే ఆ కొసకు ఇంకో మనిషి పలికినట్టు ఇనవడేది. గోడలకు నడుమెత్తుల ఇనుప కడాలు, గాజుల లెక్క గుండ్రంగ. ఒక మూలకు గోడంత మసి. గంతే. ఎవలు కట్టిండ్రో, ఎందుకు కట్టిండ్రో ఎవలకు ఎర్కలేదు. మా అత్త అడిగితే మా అత్తకూ ఎర్కలేదన్నది. సర్కారు జాగ అనేటోళ్లు, కని సర్కారు ఒక్కసారి దిక్కు సూడలే. ఓ వానాకాలం వదినె ఇంటి గోడ కూలింది. మగ్గం తెచ్చి బంగ్లల గుంట తవ్వి పెట్టుకున్నది. ఎవలేం అనలే.

ఇంకోటి రాయి, గిది ముక్యం. పడుగు అంటే ఎర్కనే గద? మగ్గం మీద నిలువుకు పోయే నూలు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు బారుగ సాపి, గంజి వెట్టి, కుంచెతోని దువ్వాలె. దానికి ఎంత పొడుగు జాగ గావాలె! ఎనకట గల్లిలనే సాపేటోళ్లు. పొద్దు పొడిసేటప్పటికి గల్లంత దారాలే. మనం మేకల్ని అటుకెల్లి తిప్పుకపోయేటోళ్లం. తెలంగాణ వచ్చినంక గల్లిల సిమెంటు పడ్డది, బండ్లు మస్తుగైనయి. ఒక పొద్దు పాలు పోసే పోరడు సూస్కోకుంట పడుగు మీదికెల్లి బండి పోనిచ్చిండు. యాదమ్మ వాళ్ల పడుగది, ఎనకింటి యాదమ్మ. పటపట తెగినయి. యాదమ్మ రోడ్డు మీద కూసోని ఏడ్సింది.

ఏడుస్తున్న యాదమ్మను వదినె లేవట్టలే. తెగిన పోగుల్ని ఏరి భుజమ్మీద ఏసుకొని, "లే, బంగ్లకు నడువు. రేపటికెల్లి అందరు ఆడనే సాపాలె. వాన గూడ రాదు" అన్నది. గట్ల గల్లిల పడుగులన్ని ఆ పొడుగు అర్రకు చేరినయి. ఇగ ఆ బంగ్ల పోయిందంటే వదినె ఒక్క మగ్గం పోవుడు గాదు, గల్లిల మగ్గాలన్ని పోతయి. ఆమె కతలన్ని గందుకే జెప్పింది బిడ్డా. ఊకెనే గాదు.

ఎట్ల జెప్పేది? దానికో తరీక ఉండె. ఎవలన్న లోపలికొచ్చి, "గిది ఏముండెనే?" అంటే, నాడె ఆపేది. గోడ మీద ఏళ్లతోని తలుపు కొట్టినట్టు కొట్టేది. చెవి ఆనిచ్చేది. జర సేపు కండ్లు మూసుకొని, "ఆఁ... ఠాణ అంటున్నది" అనేది.

ఠాణ అన్నది హెడ్డుసాబ్ కు. నౌకరి అయిపోయిన హెడ్ కానిస్టేబులు, మన అరుగు మీద కూసునేటోడు. "గీ కడాలు సూడు హెడ్డుసాబ్, దొంగల్ని కట్టేసినయి గావొచ్చు. మీ పెద్ద పెద్దోళ్లు ఈడ నిలవడ్డ జాగ" అన్నది. ఇగ ఆయన దినాం వచ్చి ఆ కడాలను తుడుస్తుండె.

అత్తరు అమ్మే చాచా వచ్చిండు. మళ్ల గోడను కొట్టింది, చెవి ఆనిచ్చింది. "సరాయి అంటున్నది చాచా. దూరం పోయే ముసాఫిర్లు ఈడ పండేటోళ్లట. గా మసి సూడు, రొట్టెలు కాల్సిన పొయ్యి మసి." చాచా మసి మీద చెయ్యి వెట్టి, "అల్లా, ఎందరి ఆకలి తీరిందో ఈడ" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నేను అక్కడనే పల్లికాయ ఒలుస్తున్న. తల పైకెత్తలే, ఎత్తితే నవ్వొస్తది.

మా బావకేమో, మీ తాత వాళ్లన్నకు, ఉన్ని గోదాం అని చెప్పింది. "కుర్మోళ్ల గొంగడ్లు ఈడికెల్లే దేశాలు పోయినయి బావా. కడాలకు తక్కెడలు ఏలాడదీసేటోళ్లు." మా బావ మీసం దువ్వుకున్నడు.

మా బావ పోయినంక నేను అడిగిన. "వదినె, నిన్న దొంగల్ని కట్టేసిన కడాలు ఇయ్యాల తక్కెడలు మోసెనా?"

"నిన్న హెడ్డుసాబ్ వచ్చిండు, ఇయ్యాల మీ బావ వచ్చిండు" అన్నది.

"గోడ గూడ మనిషిని సూసి మాట్లాడుతదా?"

"మాట్లాడాలె వదినె. పరాయి గోడ కూలితే ఎవలన్న అడ్డమొస్తరా? తమదనుకుంటే వస్తరు." టక్కున నాడె కొట్టింది. ఇగ ఇనవడలే.

అనుకున్నట్టే ఆ దినం వచ్చింది. బంగ్ల కూలగొట్టి దుకాన్ల కాంప్లెక్సు కడ్తరని మాట లేసింది. ఆఫీసు సారు టేపు వట్టుకొని వచ్చిండు, ఎనక కాంట్రాక్టరు. గల్లి పెద్దమనుషుల్ని పిలిపిచ్చిండ్రు. "పాత కొట్టం, ఎందుకూ పనికొచ్చేది గాదు అని మీరు సంతకాలు వెడితే సాలు" అన్నడు కాంట్రాక్టరు.

ముందు హెడ్డుసాబ్ కు కాయిదం ఇచ్చిండ్రు. ఆయన అద్దాలు తీసి తుడుసుకొని, "ఎందుకూ పనికిరానిదా? ఇది ఠాణ సార్. ఠాణను కొట్టం అంటరా?" అన్నడు.

చాచా ఎనకకెల్లి, "ఠాణ ఏంది హెడ్డుసాబ్, సరాయి! ఆ మసి కనవడ్తలేదా?"

"మసి ఖైదీలకు వండింది."

"ఖైదీలకు గంత మంట ఎవలు పెడ్తరు? పెండ్లా?"

మా బావ నడుమల దూరిండు. "ఇద్దరు ఊకోండ్రి. ఇది మా ఉన్ని గోదాం. కడాలు తక్కెడలయి."

"గొర్ల కాడ కూసున్నోనికి కడాల సంగతేం ఎర్క?"

"దొంగల ఎనక ఉరికినోనికి ఉన్ని సంగతేం ఎర్క?"

లొల్లి లొల్లి. సారు టేపు సగం గుంజి అట్లనే నిలవడ్డడు. లొల్లిల ఎవలో అన్నరు, "నీకు ఎవలు జెప్పిండ్రు?" "వదినె జెప్పింది." "నాకూ వదినెనే జెప్పింది!" "మరి నాకు?" ఇగ ఒక్కసారే అందరి తలకాయలు మగ్గం దిక్కు తిరిగినయి.

పట్టువడ్డది అనుకున్న. అందరు కలిసి కోపం మీద సంతకం వెడ్తే బంగ్ల పాయె, పడుగులు పాయె. యాదమ్మ నా చెయ్యి వట్టుకున్నది, గోర్లు దిగినయి.

వదినె నాడె ఆపింది. గోడను కొట్టలే ఈసారి. తలెత్తి ఒక్కొక్కరి మొకం సూసింది. "జెప్పిన. ముగ్గురికి జెప్పిన. అయితే ఏంది? ఇన్నేండ్ల గోడ, ఒక్కటే పని జేసుకుంట కూసుంటదా? హెడ్డుసాబ్, నువ్వు పోలీసువే ఉంటివా? పొలం దున్నలేదా? బిడ్డ పెండ్లిల వడ్డించలేదా? చాచా, నువ్వు అత్తరమ్మక ముందు టైలర్ వి గాదా? మనిషే గిన్ని పనులు జేస్తే గోడ జెయ్యదా? కాదని ఎవలన్న చెప్పుండ్రి."

ముందు నవ్వింది చాచానే. "ఠాణలనే సరాయి పెట్టినరేమో హెడ్డుసాబ్" అన్నడు. హెడ్డుసాబ్ కాయిదం మడిసి కాంట్రాక్టరు జేబుల వెట్టిండు. ఒక్క సంతకం పడలే.

కని సారు ఊకోలే. గాయనకు పైనించి హుకుం ఉండె. "సంతకాలు లేకున్నా జాగ సర్కారుదేనమ్మా. ఖాళీ జెయ్యాలె" అన్నడు.

"జేస్త సార్. మగ్గం మీద బట్టుంది. కోసినంక జేస్త."

సారు మొకం మారింది. మగ్గం కాడికి వచ్చి వంగి సూసిండు. "మాది గూడ మగ్గాల ఇల్లేనమ్మా" అన్నడు మెల్లగ. ఇగ ఆయనేం అంటడు? మగ్గాలోళ్లల్ల మొదలువెట్టిన బట్టను నడుమల కోయరు బిడ్డా. పళ్లెం ముందట కూసోని తింటున్న మనిషిని రెక్క వట్టి లేపుతమా? గంతే అది గూడ. కాంట్రాక్టరు "ఏందిది సార్, కత్తెర పెడితే అయిపాయె" అంటే, సారు ఆయనను సూసిన సూపు నేను మర్సిపోను. "సరేనమ్మా. కోసినంకనే" అని పోయిండు.

మళ్ల వచ్చిండు. మగ్గం మీద బట్టుంది. ఇంకోసారి వచ్చిండు. అప్పుడూ ఉంది. వదినె ఏం జేసేదంటే, ఒక చీర అయిపోవస్తుందనంగనే, దాన్ని కోయక ముందే రెండో చీర బెత్తెడు నేసి పెట్టేది. అప్పుడు మొదటిది కోసేది. పడుగు ఒడుస్తుంటే పాత పోగుకు కొత్త పోగు అతికేది, పోగుకు పోగు, యాదమ్మ ఆ దిక్కు, ఆమె ఈ దిక్కు. మగ్గం ఖాళీగ ఉన్నదన్న గడియనే లేదు.

సారు ఒకపారి ఆ బెత్తెడు మీద చెయ్యి వెట్టిండు. "ఇది ఎప్పుడు నేసినవమ్మా?"

"పొద్దుగాల సార్. చేతులు ఊకుంటయా?"

"మా అమ్మ చేతులు గూడ ఊకోకపోయేటియి" అని, చాయ్ తాగి పోయిండు. ఆ కాంప్లెక్సు పోయి బస్టాండు కాడ లేసింది. నువ్వు పెన్సిళ్లు కొనుక్కునే దుకాను ఉన్నదే, గదే.

నవ్వకు, రాయి. ఇప్పుడు చెప్పేది ఇంక ఎవలకు జెప్పలే.

ముసురు పట్టిన ఒక దినం. బయట వాన, లోపల యాదమ్మ వాళ్ల పడుగు సాపి ఉంది, ఈ కొసకెల్లి ఆ కొస దాకా. వదినె కుంచె వట్టుకొని గంజి దువ్వుతాంది. నేను తలుపు కాడ కూసున్న. అడిగిన. "వదినె, నాకన్న జెప్పు. అసలు ఏముండె ఇది?"

గోడను కొట్టలే. చెవి ఆనియ్యలే. పడుగు ఆ కొసదాకా సూసింది. "నాకేం ఎర్క" అన్నది. కుంచె ఎత్తి ఆ కొసకు సూపెట్టి అన్నది, "గని సూడు వదినె. ఇంత పొడుగు. నడుమ ఒక్క కంబం లేదు. రెండు కొసలకు కడాలు ఎదురెదురుగ. సాపితే పడుగుకు సరిగ్గ సరిపోయింది, ఒక్క మూర ఎక్కువ లేదు, తక్కువ లేదు. మా అసోంటోళ్ల కోసమే కట్టిండ్రేమో అనిపిస్తది."

"మరి గీ మాట హెడ్డుసాబ్ ముందట ఎందుకు చెప్పలే? చాచా ముందట ఎందుకు చెప్పలే?"

"చెప్ప."

"ఎందుకు?"

"అవతలోళ్లకు ఇష్టమైనదాన్ని ధైర్నంగ జెప్పొచ్చు వదినె. నాకు ఇష్టమైనదాన్ని ఎట్ల జెప్ప? రేపు ఎవలన్న వచ్చి కాదంటే తట్టుకోలేను." మళ్ల కుంచె ఆడిచ్చింది. "నువ్వు గూడ ఎవలకు జెప్పకు."

చెప్పలే. ఇయ్యాల నీకే చెప్పిన. ఆ ముక్క నీ కాడనే ఉంచుకో, బోర్డుకు పోవద్దు.

వదినె పోయింది ఎండకాలం. జబ్బు లేదు, పండుడు లేదు. పొద్దుగాల ఒక చీర కోసింది, మడతవెట్టింది, "నడుం నొస్తుంది వదినె, జర ఒరుగుత" అన్నది. ఒరిగింది. గంతే. ఆమె కొడుకుకు పాలమూరుల బట్టల షాపుల కొలువు. వచ్చిండు, దినాలన్ని మంచిగ జేసిండు. అప్పటికి పాత సారు బదిలీ అయిండు, కొత్తాయన వచ్చిండు. "మనిషే లేదాయె, బంగ్ల తాళంచెవి ఇచ్చిపోండ్రి" అన్నడు. పిలగాడు మెత్తనోడు. "ఇస్త సార్" అన్నడు.

మగ్గం కాడికి వచ్చిండు. ఆమె పోయే ముందు నేసిపెట్టిన బెత్తెడు అట్లనే ఉంది. ముదురాకుపచ్చ, ఎర్రంచు. వాడు కత్తెర వట్టుకున్నడు. గల్లి ఆడోళ్లమంత తలుపు కాడ నిలవడ్డం. యాదమ్మనే అన్నది. "కొయ్యి. మీ అమ్మ మగ్గం. కోసి తాళమియ్యి. మా పడుగులు మళ్ల రోడ్డు మీద ఏసుకుంటం, బండ్లు తొక్కుతయి, ఏం గాదు."

వాడు కత్తెర తెరిసిండు. పోగుల కాడ పెట్టిండు. పెట్టి గట్లనే ఉన్నడు. కత్తెర కింద వెట్టి, ప్యాంటు మోకాళ్ల దాకా ముడుసుకొని గుంటల దిగిండు. షాపుల కూసోని కూసోని పెరిగిన పొట్ట, మగ్గం కర్రకు ఆనింది. "ఊపిరి గట్టిగ వట్టు రా, అప్పుడు పడతవ్" అన్న నేను. యాదమ్మ పక్కున నవ్వింది. చావు ఇంట్ల అందరం నవ్వినం. వాడూ నవ్విండు, కండ్లకెల్లి నీళ్లు కారుతుంటే. చిన్నప్పుడు నేర్సినదే, చేతులకు యాదికుంది గని కాళ్లకు యాదికి లేదు. అంచు వంకర పోయింది. అయినా సెలవు ఉన్నన్ని దినాలు నేసిండు. మిగిలింది యాదమ్మ నేసింది. కోసే ముందు, ఎవలు జెప్పకుంటనే, ఇంకో చీర బెత్తెడు నేసి పెట్టింది.

తాళంచెవికి కొత్తసారు వచ్చిండు. "మగ్గం మీద బట్టుంది సార్" అన్నది యాదమ్మ. ఆయనకు సమజ్ కాలే. హెడ్డుసాబ్, చాచా, మా బావ ముగ్గురు ఒక దిక్కు కూసోని సమజ్ చేయించిండ్రు. ముగ్గురు ఒక మాట మీద ఉన్నది అదొక్కసారే.

ఇగో, నేను కట్టుకున్నది ఆ చీరనే. యాదమ్మ నాకే కట్టవెట్టింది. ఈ అంచు వట్టి సూడు. ఈడ సీదగ ఉందా, అది వదినెది. ఈడికెల్లి వంకర, అది కొడుకుది. మళ్ల సీద, అది యాదమ్మది.

ఇగ బోర్డు ముచ్చట. కొత్త కాయిదం తీయి, పెద్ద పెద్ద అచ్చరాలు రాయి. "ఇది ఠాణ అయ్యుండొచ్చు. సరాయి అయ్యుండొచ్చు. ఉన్ని గోదాం అయ్యుండొచ్చు." రాసినవా? ముగ్గురివి మూడు రాయాలె, ఒకటి తక్కువైనా లొల్లి. అయితదో కాదో అని అనుమానపడకు, వదినె తరీక గదే. దాని కింద ఇంకో లైను. "ఇప్పుడు మగ్గాల ఇల్లు."

ఆఖర్ది జాగ్రత్తగ రాయి, ఎర్ర పెన్ను తీసుకో. "లోపల మగ్గం మీద బట్టుంది. కోసినంక జరుపుతరు."

ఆ పిలగాండ్లు నవ్వితే నవ్వనియ్యి. ఎవలన్న మగ్గాల ఇంటి పోరడు వాళ్లల్ల ఉంటే, వానికి సమజైతది. జర పో, తలుపు తీసి ఇను. ఇనవడ్తాందా? యాదమ్మ ఎక్కింది మగ్గం.